‘వచ్చే ఏడు చూద్దాం’ అన్నవాళ్ళ కథ: బ్రూక్లిన్ డాడ్జర్స్, 1955

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు వచ్చేయండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లల్ని కూడా కూర్చోనివ్వండి, వాళ్ళు స్కూల్లో ఆడుతున్న బేస్‌బాల్ గురించే ఇది.

తొంభైల్లో నేను అమెరికా వచ్చిన కొత్తలో బ్రూక్లిన్‌లో ఒక ఆఫీసులో పనిచేశాను. అక్కడ నాకంటే చాలా పెద్దాయన ఒకరు ఉండేవారు, పుట్టి పెరిగింది అంతా ఆ ఊళ్ళోనే. ఒకరోజు లంచ్ టైములో మాటల్లో మాటగా బేస్‌బాల్ గురించి నేనేదో అడిగితే, ఆయన చేతిలో ఉన్న కాఫీ కప్పు టేబుల్ మీద పెట్టి, లేచి, కారిడార్‌లో పరుగెత్తారు. నిజంగానే పరుగెత్తారండి, యాభై దాటిన మనిషి, మెడలో టైతో, కాళ్ళకి బూట్లతో. గోడ దగ్గరికి వెళ్ళి కుడిచెయ్యి చాచి, అరచెయ్యి తెరిచి, అలాగే నిలబడిపోయారు. “ఇక్కడ పడింది, ఇదిగో, ఇక్కడ” అని ఆ అరచేతిలోకే చూసుకుంటున్నారు, కళ్ళల్లో నీళ్ళు. ఆ బంతి పడినప్పుడు ఆయనకి పదకొండేళ్ళట. నాకేమో ఒక్క ముక్క అర్థం కాలేదు. నలభై ఏళ్ళ కిందట ఎవరో పట్టిన క్యాచ్‌కి ఒక మనిషి ఇప్పుడు ఏడవడమేంటి అనుకున్నాను. ఆ రోజు నుంచి దొరికిందల్లా చదువుతూ వచ్చాను, ఆ చదివిందే ఇవాళ మీకు చెబుతాను.

ఆట తెలియనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. ఒక్కో జట్టుకి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో మూడు అవుట్లు. బంతి విసిరేవాడు పిచర్, మన వికెట్ కీపర్ కూర్చునేచోట కూర్చునేవాడు క్యాచర్. కొట్టినవాడు నాలుగు బేస్‌లూ చుట్టి తిరిగి ఇంటికి చేరితే ఒక రన్. నాలుగో బేస్‌ని వాళ్ళు ‘హోమ్’ అనే అంటారు. బంతిని గోడ దాటించి కొడితే హోమ్ రన్, మన సిక్సర్ అనుకోండి. అప్పట్లో రెండు లీగ్‌లు, లీగ్‌కి ఎనిమిది జట్లు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక్కో జట్టుకి 154 ఆటలు. అంటే సుమారు రోజుకో ఆట. ప్రతి లీగ్‌లో మొదట వచ్చిన జట్టు అక్టోబర్ దగ్గరపడేసరికి వరల్డ్ సిరీస్‌లో తలపడుతుంది, ఏడింటిలో నాలుగు గెలిచినవాళ్ళదే కప్పు.

ఇక బ్రూక్లిన్. 1898 దాకా అది న్యూయార్క్‌లో భాగం కాదు, దానికదే ఒక నగరం. కలిపేశాక కూడా అక్కడివాళ్ళు ‘మాది బ్రూక్లిన్’ అనేవాళ్ళే తప్ప న్యూయార్క్ అనేవాళ్ళు కాదు. రేవు కూలీలు, నేవీ యార్డు కార్మికులు, ఇటలీ నుంచీ ఐర్లాండ్ నుంచీ తూర్పు యూరప్ నుంచీ వచ్చిన కుటుంబాలు, దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు, అందరూ ఒకే వీధుల్లో ఉండేవాళ్ళు. వీధుల నిండా ట్రాలీ బళ్ళు, వాటిని తప్పించుకుంటూ దూకుతూ నడిచే జనం. ఆ జనాన్ని చూసే జట్టుకి ‘ట్రాలీ డాడ్జర్స్’ అని పేరొచ్చింది, తర్వాత ఉత్త డాడ్జర్స్ అయింది. వాళ్ళ మైదానం ఎబెట్స్ ఫీల్డ్, 1913లో కట్టింది, పట్టేది సుమారు 32 వేల మంది. ఎంత ఇరుకంటే ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళకి ఆటగాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో వినపడేది. గంట వాయిస్తూ అరిచే హిల్డా చెస్టర్ అనే ఆవిడ ఉండేది, శ్రుతీ తాళం కుదరని అభిమానుల బ్యాండు మేళం ఒకటుండేది. గోడమీద ఒక బట్టల కొట్టు బోర్డు ఉండేది, బంతితో దాన్ని కొట్టిన ఆటగాడికి సూటు ఉచితం.

ఇలాంటి ఊరికి ఒక గాయం ఉంది. 1916లో వరల్డ్ సిరీస్‌కి వెళ్ళారు, ఓడారు. 1920లో ఓడారు. 1941, 1947, 1949, 1952, 1953... మొత్తం ఏడుసార్లు వెళ్ళి ఏడుసార్లూ ఓడారు. చివరి ఐదుసార్లూ ఓడించింది ఒక్క జట్టే, అదే నగరంలో నది అవతల ఉన్న న్యూయార్క్ యాంకీస్. ఇంటికి సబ్‌వేలో వచ్చే దారిలోనే ఓడించినవాళ్ళ ముఖాలు చూడాలి. అందుకే ప్రతి అక్టోబర్‌లో బ్రూక్లిన్‌లో ఒకటే మాట, ‘వచ్చే ఏడు చూద్దాం’. మన బెంగళూరు జట్టు అభిమానులు ‘ఈ సాలా కప్ నమ్దే’ అంటూ 2008 నుంచి 2025 దాకా ఎదురుచూశారు కదా, అలాంటిదే, కాకపోతే బ్రూక్లిన్‌లో తాతలు మొదలుపెట్టిన మాటని మనవళ్ళు అంటున్నారు. జట్టుని ప్రేమగా ‘బమ్స్’ అని తిట్టుకునేవాళ్ళు. మనం ఇంట్లో పిల్లాణ్ణి ‘ఒరేయ్ దద్దమ్మా’ అని దగ్గరికి తీసుకున్నట్టు.

1955 మొదట్లో ఇంకో దెబ్బ తగిలింది. ఊరి సొంత పేపరు ‘బ్రూక్లిన్ ఈగిల్’ జనవరిలో మూతపడింది. ఇన్నేళ్ళూ ప్రతి ఓటమినీ అచ్చేసిన పేపరు అది. గెలుపు తొమ్మిది నెలల్లో వస్తోందని దానికి తెలియదు. ఇది చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

జట్టు సంగతి చెప్తాను. మేనేజర్ వాల్టర్ ఆల్స్టన్, రెండో ఏడాది. ఆటగాడిగా పెద్ద లీగ్‌లో ఆయన బ్యాట్ పట్టింది ఒకే ఒక్కసారి, 1936లో, అప్పుడూ స్ట్రైక్ అవుట్ అయ్యాడు, అంటే మూడు అవకాశాల్లోనూ బంతిని కొట్టలేక అవుట్. పెద్దగా మాట్లాడే మనిషి కాదు, ఏడాదికొక కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఆయన కింద మాత్రం హేమాహేమీలు. క్యాచర్ రాయ్ కాంపనెల్లా, అంతకుముందు ఏడాది చేతి గాయంతో ఇబ్బందిపడి, ఈ ఏడాది 32 హోమ్ రన్లు కొట్టి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు అయ్యాడు, అది ఆయనకి మూడోసారి. డ్యూక్ స్నైడర్ 42 హోమ్ రన్లు. గిల్ హాడ్జెస్ 27, కార్ల్ ఫురిల్లో 26. ఆటలో గెలుపోటములు పిచర్ పేరు మీద కూడా రాస్తారు, ఆ లెక్కన డాన్ న్యూకోంబ్ 20 గెలిచి 5 మాత్రమే ఓడాడు, పైగా బ్యాట్‌తో 7 హోమ్ రన్లు బాదాడు. పిచర్ అంటే మన లెక్కలో పదకొండో నంబర్ బ్యాట్స్‌మన్, అలాంటివాడు ఏడు కొట్టాడంటే చూడండి. కెప్టెన్ పీ వీ రీస్. జులై 23న ఆయనకి 37 నిండాయి, దానికి ముందురోజు రాత్రి ఎబెట్స్ ఫీల్డ్‌లో లైట్లన్నీ ఆర్పేస్తే, జనం అగ్గిపుల్లలూ లైటర్లూ వెలిగించి పుట్టినరోజు పాట పాడారు. యాంకీస్ చేతిలో ఓడిన ఆ ఐదు సిరీస్‌లూ ఆడినవాడు జట్టులో రీస్ ఒక్కడే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

ఇంకా జాకీ రాబిన్సన్. 1947 ఏప్రిల్ 15న ఆయన ఈ జట్టు తరఫున మైదానంలోకి దిగేదాకా ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద లీగుల్లో నల్లజాతి ఆటగాళ్ళకి చోటే లేదు. అసలు ఆ కథ మొదలైంది మనం ఇవాళ కూర్చున్న ఈ జెర్సీ సిటీలో. 1946 ఏప్రిల్ 18న, ఇక్కడి రూజ్‌వెల్ట్ స్టేడియంలో, డాడ్జర్స్ అనుబంధ జట్టు మాంట్రియల్ తరఫున రాబిన్సన్ తన మొదటి ఆట ఆడాడు. నాలుగు హిట్లు, అందులో ఒక హోమ్ రన్, రెండు బేస్‌లు దొంగిలించాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తేశాడు, మాంట్రియల్ 14-1తో గెలిచింది. ఆ స్టేడియం 1985లో పడగొట్టారు, ఇప్పుడక్కడ ఇళ్ళున్నాయి, మీలో కొంతమంది రూట్ 440 మీద రోజూ ఆ పక్కనుంచే వెళ్తుంటారు.

1955 నాటికి రాబిన్సన్ వయసు 36. ఒళ్ళు బరువెక్కింది, జుట్టు నెరిసింది, మోకాళ్ళూ మడమలూ మాట వినడం లేదు. ఆ సీజన్ ఆయన పదేళ్ళ ఆటలో అన్నిటికంటే నీరసమైనది, బ్యాటింగ్ సగటు .256, అంటే సుమారు నాలుగుసార్లకి ఒక్క హిట్. ఆల్స్టన్‌తో పొసగలేదు, కొన్ని రోజులు కూర్చోబెట్టాడు కూడా.

సీజన్ ఎలా మొదలైందో చెబితే నమ్మరు. వరసగా పది గెలుపులు. మొదటి 24 ఆటల్లో 22 గెలిచారు. మే నెలకే లీగ్ అయిపోయినట్టు అయింది. సెప్టెంబర్ 8న మొదటి స్థానం ఖాయం చేసుకున్నారు, వాళ్ళు ఆడే నేషనల్ లీగ్‌లో అప్పటిదాకా అంత తొందరగా ఎవరూ చేసుకోలేదు. చివరికి 98 గెలుపులు, 55 ఓటములు, రెండో స్థానంలో ఉన్న మిల్వాకీ కంటే పదమూడున్నర ఆటల ముందు. ఇవన్నీ గొప్ప లెక్కలే. కానీ బ్రూక్లిన్‌లో ఒక్కరు కూడా ఊపిరి పూర్తిగా వదల్లేదు. ‘ఇది మనం చూడందా, ఎండాకాలం అంతా గెలుస్తాం, ఆకులు రాలేటప్పుడు మనమూ రాలిపోతాం’ అన్న భయం. పైగా స్టేడియం కూడా నిండటం లేదు. 1947లో ఎబెట్స్ ఫీల్డ్‌కి 18 లక్షల మంది వస్తే, ఇంత గొప్పగా ఆడిన 1955లో వచ్చింది 10 లక్షల 33 వేలు. టీవీలు వచ్చాయి, కార్లు కొనుక్కున్నవాళ్ళు లాంగ్ ఐలాండ్‌కి మారిపోతున్నారు, స్టేడియం దగ్గర కార్లు పెట్టుకోవడానికి ఉన్న చోటు 700 కార్లకే. యజమాని వాల్టర్ ఓమాలీ ఆగస్టులోనే ప్రకటించేశాడు, వచ్చే ఏడాది ఏడు ఆటలు జెర్సీ సిటీలో ఆడతామని. గెలుస్తున్న జట్టు, ఇల్లు వదలడానికి మూట సర్దుకోవడం మొదలుపెట్టింది. జనం ఆ మాట విన్నారు, విని పక్కన పెట్టారు. అక్టోబర్ వస్తోంది కదా.

ఈ సీజన్ గురించి రాసేవాళ్ళు పెద్దపేర్లన్నీ వరసగా చెప్పి వదిలేస్తారు. నేను చెప్పదలచుకున్నది వేరే. ఆ 98 గెలుపులు పెద్దవాళ్ళవే, ఒప్పుకుంటాను. ఏడుసార్లు పోయిన కప్పుని ఎనిమిదోసారి తెచ్చింది మాత్రం ఎవరూ లెక్కలో వేసుకోనివాళ్ళు. ఆ ఎండాకాలం వాళ్ళలో ఎవరికీ సీజన్ గొప్పగా నడవలేదు.

సెప్టెంబర్ 28, యాంకీ స్టేడియం, మొదటి ఆట. న్యూకోంబ్ దిగాడు, ఆ రోజు బంతి మాట వినలేదు, యాంకీస్ 6-5తో గెలిచారు. కానీ ఆ ఆటలో ఒక ఘట్టం ఉంది. ఎనిమిదో ఇన్నింగ్స్, డాడ్జర్స్ రెండు రన్ల వెనక, ఇద్దరు అవుట్, మూడో బేస్ మీద రాబిన్సన్. పిచర్ వైటీ ఫోర్డ్ చెయ్యి ఎత్తేలోపు రాబిన్సన్ హోమ్ మీదకి పరుగు తీశాడు. ముప్పై ఆరేళ్ళ కాళ్ళవి. క్యాచర్ యోగి బెర్రా బంతి పట్టి తాకించాడు, అంపైర్ చేతులు చాపాడు, సేఫ్! బెర్రా ఎగిరెగిరి పడ్డాడు, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అది అవుటేనని చెబుతూనే ఉన్నాడు. ఒక్క రన్ కోసం అంత సాహసం ఎందుకని కొంతమంది అడుగుతారు. నాకైతే ఆ పరుగు జట్టుతో మాట్లాడినట్టు ఉంటుంది, ‘మనం వీళ్ళకి భయపడం’ అని.

రెండో ఆట కూడా పోయింది, 4-2. అప్పటిదాకా ఏడు ఆటల సిరీస్‌లో మొదటి రెండూ ఓడిన జట్టు తిరిగి లేచి గెలిచిన దాఖలా లేదు. ఆ రాత్రి బ్రూక్లిన్‌లో ఎంతమంది ‘వచ్చే ఏడు’ అనేసి నిద్రపోయుంటారో ఊహించుకోవచ్చు.

మూడో ఆటకి ఆల్స్టన్ ఎవరికి బంతి ఇచ్చాడు? జానీ పోడ్రెస్‌కి. ఆ సీజన్‌లో 9 గెలిచి 10 ఓడినవాడికి. విథర్‌బీ అనే చిన్న ఊరు ఆయనది, న్యూయార్క్ రాష్ట్రానికి ఉత్తరాన, ఇనుప గనుల ఊరు, తండ్రి గని కార్మికుడు. మూడో ఆట జరిగిన సెప్టెంబర్ 30న పోడ్రెస్‌కి సరిగ్గా 23 ఏళ్ళు నిండాయి. ఆయన చేతిలో ఒక బంతి ఉంది, ఛేంజప్ అంటారు, చెయ్యి అంతే వేగంగా తిరుగుతుంది, బంతి మాత్రం నిదానంగా వస్తుంది, మన స్లో బాల్. దాంతో యాంకీస్ బ్యాటర్లు ముందే బ్యాట్ ఊపేసి తెల్లమొహం వేశారు. ఆట మొత్తం ఆయనే వేశాడు, 8-3. ఆ రోజే రాబిన్సన్ ఇంకొకటి చేశాడు. బంతి కొట్టి రెండో బేస్ దాటి కొంచెం ముందుకెళ్ళి ఆగాడు, ‘విసురు చూద్దాం’ అన్నట్టు. ఫీల్డర్ రెండో బేస్‌కి విసిరాడు, విసిరీ విసరగానే ఈయన మూడో బేస్‌కి వెళ్ళిపోయాడు.

నాలుగోది 8-5. ఐదోది 5-3, అందులో స్నైడర్ రెండు హోమ్ రన్లు. ఎబెట్స్ ఫీల్డ్‌లో మూడుకి మూడూ గెలిచారు. ఇంకొక్కటి గెలిస్తే చాలు.

ఆరో ఆటలో కార్ల్ స్పూనర్ అనే కుర్రాడిని దింపారు. 1954 సెప్టెంబర్‌లో తన మొట్టమొదటి ఆటలోనే 15 మందిని స్ట్రైక్ అవుట్ చేసినవాడు, ఊరంతా ఆశపెట్టుకున్నవాడు. ఆ తర్వాత భుజం దెబ్బతింది. ఆ రోజు మొదటి ఇన్నింగ్స్‌లోనే యాంకీస్ ఐదు రన్లు చేశారు, ఒక్కడినే అవుట్ చేయగలిగాడు, బయటికి పంపేశారు. డాడ్జర్స్ 5-1తో ఓడారు. స్పూనర్‌కి అప్పుడు 24 ఏళ్ళు. మళ్ళీ పెద్ద లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు. గెలుపు కథల్లో ఈ కుర్రాడి పేరు వదిలేస్తారు, నాకు వదలబుద్ధి కాదు.

అక్టోబర్ 4, మంగళవారం, యాంకీ స్టేడియం, ఏడో ఆట, 62,465 మంది జనం. ఆటలన్నీ పగలే, కాబట్టి బ్రూక్లిన్‌లో పని ఎక్కడికక్కడ ఆగిపోయింది. బార్బర్ షాపుల్లో, కసాయి కొట్లలో, కిటికీల్లో రేడియోలు. మా పెద్దాయన చెప్పినదాని ప్రకారం వాళ్ళ టీచర్ తలుపు వేసి, టేబుల్ మీద చిన్న రేడియో పెట్టి, గొంతు వినపడీ వినపడనట్టు తిప్పి, ‘లెక్కలు చేస్తున్నట్టు కూర్చోండి’ అందట.

చెప్పండమ్మా? ఆ... రాబిన్సన్ ఏడో ఆటలో ఏం చేశాడని అడుగుతున్నారు. రాబిన్సన్ ఆ రోజు ఆడలేదండి. కాలి నొప్పితో బెంచీ మీద కూర్చున్నాడు, ఆయన చోట డాన్ హోక్ అనే కుర్రాడు ఆడాడు. ఎనిమిదేళ్ళుగా ఏ జట్టు కోసం తిట్లు తిన్నాడో, బెదిరింపు ఉత్తరాలు అందుకున్నాడో, ఆ జట్టు గెలవబోయే రోజున ఆయన మైదానం బయట ఉన్నాడు. దీన్ని నేను చాలాసార్లు ఆలోచించాను, ఆలోచించిన ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది.

మళ్ళీ పోడ్రెస్ దిగాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో కాంపనెల్లా డబుల్ కొట్టి, అంటే ఒక్క దెబ్బకి రెండో బేస్ చేరి, తర్వాత మూడో బేస్‌కి వస్తే, హాడ్జెస్ సింగిల్‌తో, అంటే తను మొదటి బేస్ చేరే దెబ్బతో, ఇంటికి తెచ్చాడు. 1-0. ఆరో ఇన్నింగ్స్‌లో రీస్ ఇంకో రన్, అది కూడా హాడ్జెస్ గాల్లోకి కొట్టిన బంతి మీదే, క్యాచ్ అయ్యాక పరుగెత్తి వచ్చాడు. 2-0.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే కథంతా ఇక్కడే ఉంది. హాడ్జెస్ తర్వాత మళ్ళీ బేస్‌లు మూడూ నిండాయి. బ్యాటింగ్ రావాల్సింది సెకండ్ బేస్ ఆడే డాన్ జిమ్మర్. ఆల్స్టన్ అతన్ని ఆపి, బదులుగా జార్జ్ షూబాని పంపాడు. షూబా నేలబారుగా కొట్టి అవుట్ అయ్యాడు. అయ్యో, మంచి అవకాశం పోయింది అనుకున్నారు అందరూ. అయితే రూల్ ఏమిటంటే బదులు పంపాక జిమ్మర్ మళ్ళీ ఆడకూడదు. సెకండ్ బేస్ ఖాళీ. లెఫ్ట్ ఫీల్డ్‌లో, అంటే ఎడమవైపు దూరంగా గోడ వైపు ఉన్న జిమ్ గిలియంని అక్కడికి మార్చారు. ఇప్పుడు లెఫ్ట్ ఫీల్డ్ ఖాళీ. అక్కడికి బెంచీ మీద ఉన్న శాండీ అమొరోస్‌ని పంపారు. క్యూబాలోని మటాన్సాస్ నుంచి వచ్చిన చిన్నపాటి మనిషి, ఇంగ్లీషు అంతంత మాత్రం. ఒక పని అతనిలో తేడాగా ఉండేది, ఎడమచేత్తో విసురుతాడు, కాబట్టి గ్లవ్ కుడిచేతికి ఉంటుంది. గిలియంకి గ్లవ్ ఎడమచేతికి. ఇంతే తేడా.

ఆరో ఇన్నింగ్స్ రెండో సగం. యాంకీస్ బ్యాటింగ్. బిల్లీ మార్టిన్‌కి నాలుగు బంతులూ పక్కనుంచి పోయి నడిచి మొదటి బేస్ చేరాడు. గిల్ మెక్‌డూగల్డ్ బంట్ చేసి, అంటే బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తాకించి, మొదటి బేస్ చేరాడు. ఇద్దరు బేస్‌ల మీద, ఒక్కరు కూడా అవుట్ కాలేదు, వచ్చింది యోగి బెర్రా. బెర్రా ఎడమచేతి వాటం, బంతిని కుడివైపుకి లాగి కొడతాడు, అందుకని ఫీల్డర్లందరూ అటువైపు జరిగారు. అమొరోస్ కూడా లెఫ్ట్ ఫీల్డ్ గీతకి చాలా దూరంగా, మధ్యకి జరిగి నిలబడ్డాడు. పోడ్రెస్ బయటికి వేశాడు. బెర్రా బ్యాట్‌కి ఆలస్యంగా తగిలి బంతి గాల్లోకి లేచింది, కుడివైపుకి కాదు, ఎడమవైపు, గీతని అంటుకుని, ఒక్క మనిషి కూడా లేనిచోటికి. పడితే ఇద్దరూ ఇంటికొచ్చేస్తారు, స్కోరు సమం, బెర్రా రెండో బేస్ మీద, ఆ తర్వాత ఏం జరిగేదో బ్రూక్లిన్‌లో పసిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు.

అమొరోస్ పరుగెత్తాడు. దాదాపు వంద అడుగులు. అక్టోబర్ ఎండ కళ్ళల్లోకి, సగం మైదానం నీడలో. గీత దగ్గరపడుతోంది, గోడ దగ్గరపడుతోంది, బంతి కిందికి వచ్చేస్తోంది. చివరి అడుగులో కుడిచెయ్యి చాచాడు, గ్లవ్ ఉన్న చెయ్యి, గీతకి దగ్గరగా ఉన్న చెయ్యి. బంతి వచ్చి అందులో పడింది. గిలియం ఉండి ఉంటే ఎడమచెయ్యి ఒంటికి అడ్డంగా తిప్పి పెట్టాలి, ఆ జానెడు అందేది కాదని తర్వాత చాలామంది అన్నారు, నేనూ నమ్ముతాను.

అంతటితో ఆగలేదు. పట్టీ పట్టగానే కాళ్ళు నిలదొక్కుకుని రీస్‌కి విసిరాడు, రీస్ తిరిగి మొదటి బేస్ దగ్గరున్న హాడ్జెస్‌కి విసిరాడు. క్యాచ్ పడితే పరుగెత్తినవాడు వెనక్కి వచ్చి తన బేస్ తాకాలి, పడిపోతుందనుకుని రెండో బేస్ దాటి పోయిన మెక్‌డూగల్డ్ వెనక్కి పరుగెత్తుకొస్తున్నాడు, అందుకోలేకపోయాడు. ఒక్క బంతికి ఇద్దరు అవుట్. తర్వాత హాంక్ బౌవర్ రీస్ వైపే కొట్టి అవుట్.

మా పెద్దాయన కారిడార్‌లో పరుగెత్తింది ఈ పరుగే. ఆయన చాచింది కూడా కుడిచెయ్యే. అది ఎందుకు కుడిచెయ్యో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

ఇంకా తొమ్మిది అవుట్లు ఉన్నాయి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మళ్ళీ ఇద్దరు బేస్‌ల మీదకి వచ్చారు, మళ్ళీ బెర్రా, ఈసారి ఫురిల్లో చేతికి చిక్కాడు, బౌవర్ స్ట్రైక్ అవుట్. నీడలు పొడుగయ్యాయి, ఎండలోంచి నీడలోకి వచ్చే ఫాస్ట్‌బాల్ బ్యాటర్లకి కనపడటం లేదు, పోడ్రెస్ అది గమనించి అదే వేస్తూ పోయాడు. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, చివరివాడు ఎల్స్టన్ హోవార్డ్. ఈయన గురించి ఒక మాట, యాంకీస్ జట్టులో మొట్టమొదటి నల్లజాతి ఆటగాడు, అదే ఏడాది చేరాడు. రాబిన్సన్ వచ్చిన ఎనిమిదేళ్ళకి! హోవార్డ్ ఫాస్ట్‌బాల్స్‌ని ఫౌల్ కొడుతూ, అంటే గీత బయటికి కొడుతూ ఉన్నాడు. కాంపనెల్లా మళ్ళీ ఫాస్ట్‌బాల్ అని సైగ చేశాడు. పోడ్రెస్ తల అడ్డంగా ఊపాడు. ఛేంజప్ వేశాడు. హోవార్డ్ నేలబారుగా కొట్టాడు, షార్ట్‌స్టాప్ వైపుకి, అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాడి వైపుకి.

షార్ట్‌స్టాప్ ఎవరు? పీ వీ రీస్. ఐదుసార్లు యాంకీస్ చేతిలో ఓడిన ఒకే ఒక్కడు. ఎనిమిదోసారి సిరీస్‌లో చివరి బంతి వెతుక్కుంటూ ఆయన దగ్గరికే వెళ్ళింది. విసిరాడు, కాస్త కిందుగా పోయింది, హాడ్జెస్ ఒళ్ళంతా సాగదీసి అందుకున్నాడు. మధ్యాహ్నం 3:43. టీవీలో విన్ స్కల్లీ, అప్పటికి ఇరవై ఏడేళ్ళ కుర్రాడు, ‘బ్రూక్లిన్ డాడ్జర్స్ ప్రపంచ విజేతలు’ అని ఒక్క వాక్యం చెప్పి ఊరుకున్నాడు. ఇంకొక్క మాట మాట్లాడితే ఏడ్చేసేవాణ్ణి అని తర్వాత చెప్పాడు.

బ్రూక్లిన్‌లో చర్చి గంటలు మోగాయి, కార్లు హారన్ కొడుతూ తిరిగాయి, కిటికీల్లోంచి చిత్తుకాగితాలు వానలా కురిశాయి. తెలియనివాళ్ళు తెలియనివాళ్ళని కౌగిలించుకున్నారు. మర్నాడు ‘డైలీ న్యూస్’ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ‘ఎవరురా బమ్!’ అని వేసి, పళ్ళూడిన బమ్ నోరంతా తెరిచి నవ్వుతున్న బొమ్మ వేశారు. సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు అనే బహుమతి ఆ ఏడాదే మొదలైంది, అది 9 గెలిచి 10 ఓడిన పోడ్రెస్‌కి వచ్చింది.

తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే చెప్పడం నాకంత ఇష్టం లేదు. ఫ్లాట్‌బుష్, అట్లాంటిక్ వీధులు కలిసేచోట కొత్త స్టేడియం కావాలన్నాడు ఓమాలీ, నగర నిర్మాణాలన్నీ చేతిలో పెట్టుకున్న రాబర్ట్ మోజెస్ కుదరదన్నాడు. ఇద్దరిలో తప్పెవరిదని ఇప్పటికీ వాదించుకుంటారు. నా లెక్కలో ఇద్దరిదీ ఉంది, కాకపోతే జట్టుని తీసుకెళ్ళిపోయింది ఒక్కడే. 1957 సెప్టెంబర్ 24న ఎబెట్స్ ఫీల్డ్‌లో చివరి ఆటకి వచ్చింది 6,702 మంది. డాడ్జర్స్ లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయారు. 1960 ఫిబ్రవరిలో స్టేడియం పడగొట్టడానికి వాడిన ఇనుప గుండుకి బేస్‌బాల్‌లా తెల్లరంగు వేసి, ఎర్ర కుట్లు గీశారు. ఎవరికి తట్టిందో ఆ ఆలోచన, నాకు మాత్రం మనసొప్పదు. ఇప్పుడక్కడ పెద్ద అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. రాబిన్సన్‌ని 1956 చివర్లో న్యూయార్క్‌లోనే ఉన్న ఇంకో జట్టు జెయింట్స్‌కి ఇచ్చేశారు, ఆయన వెళ్ళకుండా ఆటే మానేశాడు. 1958 జనవరిలో కారు ప్రమాదంలో కాంపనెల్లాకి మెడ కింద చచ్చుబడిపోయింది, మిగిలిన జీవితం చక్రాల కుర్చీలోనే. హాడ్జెస్ 1972లో పోయాడు, బేస్‌బాల్ దిగ్గజాలకిచ్చే గౌరవం హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 2022లో గాని తీసుకోలేదు, యాభై ఏళ్ళు ఆగి.

అమొరోస్ గురించి అడగకుండా ఉంటారా, నేనే చెప్తాను. 1960తో పెద్ద లీగ్‌లో ఆయన ఆట ముగిసింది, తిరిగి క్యూబా వెళ్ళిపోయాడు, అక్కడ ఉన్నదంతా పోగొట్టుకున్నాడు, కొన్నేళ్ళు బయటికి రానివ్వలేదు. 1967లో ఎలాగో అమెరికా వచ్చాడు, చేతిలో ఏమీ లేదు. ఆటగాళ్ళ పెన్షన్ రావాలంటే ఇన్ని రోజులు జట్టులో ఉండాలని లెక్క ఉంది, ఆయనకి దానికి కొద్ది రోజులు తక్కువ. లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయిన ఆ డాడ్జర్సే ఆయన పేరు మళ్ళీ జట్టు జాబితాలో రాశారు. బ్యాట్ పట్టలేదు, మైదానంలోకి దిగలేదు. ఆ తక్కువైన రోజులు నిండేదాకా పేరు అలాగే ఉంచారు.